మూడో బుట్ట

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నా బిడ్డను మా ఆయన మూడో బుట్టలో వేస్తాడని.

మూడో బుట్ట అంటే ఏమిటో ముందే చెప్పాలి, లేకపోతే నన్ను పిచ్చిదాని కింద జమకడతారు. మా ఆయన కోడిపిల్లల హేచరీలో పని చేస్తాడు. గుడ్ల కోసం పెంచే కోళ్ళ హేచరీ అది. పొద్దున్నే మిషన్లలోంచి ఒళ్ళు ఆరిన పిల్లలు వేలకు వేలు వస్తాయి. ఆయన ఒక్కో పిల్లనీ ఎడమచేత్తో తిరగేసి, తోక కింద బొటనవేలితో మెల్లగా నొక్కి, లైటు కింద ఆవగింజంత బొడిపె ఉందో లేదో చూస్తాడు. పెట్ట అయితే ఎడమ బుట్ట, పుంజు అయితే కుడి బుట్ట. గంటకి వెయ్యి పిల్లలు. నూటికి ఒకటి తప్పితే ఆ రోజు ఆయనకి ఒంట్లో బాగాలేదనుకోవాలి. అక్కడ ఆయన్ని అందరూ ‘టార్చి’ అంటారు. పెట్టలు ఫారాలకు వెళ్తాయి. పుంజులు గుడ్లు పెట్టవు కాబట్టి వెనక గేటు దగ్గరి డ్రమ్ములోకి వెళ్తాయి. అందులోంచి ఏదీ ప్రాణంతో బయటికి రాదు.

ఎంత చూసినా ఇదీ అదీ అని తేలని పిల్ల ఏ రెండొందలకో ఒకటి వస్తుంది. దాన్ని పక్కనున్న మూడో బుట్టలో వేసి, “తర్వాత చూద్దాం” అంటాడు. పని అయ్యేసరికి ఎవరికీ మళ్ళీ చూసే ఓపిక ఉండదు. మూడో బుట్ట కూడా పుంజుల వెనకాలే డ్రమ్ము దారి పడుతుంది. నాకు తెలుసు. తొమ్మిదో తరగతి మధ్యలో మానేసి, పెళ్ళయ్యేదాకా ఆ బుట్టలు మోసింది నేనే.

ఈ ఎండాకాలం మొదట్లో నాకు రెండో కాన్పు అయింది. పెద్దది ఆడపిల్ల, నాలుగేళ్ళది, నోరు విప్పితే మూయదు. రెండోది పుట్టగానే నర్సు ఎత్తి పట్టుకుంది.

“ఏం బిడ్డమ్మా?” అని అడిగాను.

“బిడ్డ బాగుంది” అంది.

“బాగుంది సరే, ఏం బిడ్డ?”

“ఏడుపు విన్నావుగా. గట్టి పిండం.”

పుచ్చు వంకాయ అంటగట్టేవాడు మాట దాటేసినట్టు దాటేసి, వెళ్ళి ఇంకో నర్సుని పిలుచుకొచ్చింది. ఇద్దరూ నాకు వీపులు పెట్టి వంగి చూశారు. వాళ్ళ భుజాల మధ్య నాకు ఒక బుల్లి పాదం మాత్రం కనిపించింది, గాలిలో తన్నుకుంటూ.

మా ఆయన పని బట్టల్లోనే వచ్చాడు. చొక్కాకి పసుపు నూగు అంటుకుని ఉంది. బిడ్డని ఎత్తుకోలేదు. మంచం మీదే గుడ్డ విప్పి, నెత్తి మీద బల్బు వెలుతురు పడేలా పక్కకి జరిగి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, రెండేళ్ళు ఆ బల్ల పక్కన నిలబడ్డాను. ఆ చూపుకి ఒక్క సెకను చాలు. ఆ రోజు చాలలేదు. ఆయన చెయ్యి అలా ఆగడం నేను చూడడం అదే మొదటిసారి. గుడ్డ మళ్ళీ కప్పి, మడతలు సర్ది, “సర్లే, తర్వాత చూద్దాం” అన్నాడు.

ఆ మాటతో నా పాలు విషమైపోయినట్టు అనిపించింది.

అందరూ వెళ్ళాక నేనూ చూశాను. నేను చూసింది ఇక్కడ రాయను. అది నా బిడ్డ ఒళ్ళు, ఎవరికి చెప్పాలో పెద్దయ్యాక బిడ్డే తేల్చుకుంటుంది. ఆడపిల్లా అంటే కాదేమో అనేలా, మగపిల్లాడా అంటే అవునో కాదో అనేలా ఉంది. అంతవరకే.

సాయంత్రం నేను కళ్ళు మూసుకుని పడుకుంటే డాక్టరమ్మ వచ్చింది. తలుపు దగ్గర మా ఆయనతోనూ మా అత్తయ్యతోనూ వేళ్ళు మడిచి ఏవో లెక్కలు చెప్పింది. అత్తయ్య రెండుసార్లు నా వైపు చూసి గొంతు తగ్గించమని సైగ చేసింది. తర్వాత బిడ్డ మడమకి సూది గుచ్చి రక్తం తీశారు.

“ఎందుకు తీశారు అత్తయ్యా?”

“పుట్టినవాళ్ళందరికీ తీస్తారట.”

పక్కమంచం బిడ్డకి తీయలేదు. నేను చూస్తూనే ఉన్నాను. మంచానికి తగిలించిన కాగితం మీద ‘క్రోమోజోము’ అని రాసుంది. కూడబలుక్కుని చదివాను. తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో ఆ పాఠం చివర్లో ఉండేది. నేను అంతదూరం వెళ్ళలేదు.

మూడోరోజు ఇంటికొచ్చాం. మాది రెండు గదుల ఇల్లు, పైన రేకు. పదయ్యేసరికి రేకు టపటపమని పేలుతుంది. ఆ వేడిలో కూడా అత్తయ్య తలుపుకి గడియ పెట్టి బిడ్డకి నీళ్ళు పోసేది. నన్ను లోపలికి రానిచ్చేది కాదు. “పచ్చి ఒళ్ళు నీది, వంగకూడదు” అనేది. మంచిమాటే. కానీ పెద్దదాని కాన్పుకి ఈ మంచితనం లేదు, ఆరోరోజే నాచేత బట్టలుతికించింది.

పేరు సంగతి ఎత్తితే, ఇప్పుడే తొందరేముంది అనేవాళ్ళు. అడిగినవాళ్ళకి ఏం చెప్పాలో ఇంట్లో ఒక మాట అనుకోలేదు. అత్తయ్య పాలవాడితో మగపిల్లాడంది, ఎదురింటి పిన్నితో ఆడపిల్లంది. వాళ్ళిద్దరూ కుళాయి దగ్గర కలుసుకున్నారు. మర్నాడు పిన్ని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“ఏమ్మా, కవలలని చెప్పనే లేదే.”

“కవలలేంటి పిన్నీ?”

“ఒకడు పాలవాడు చెప్పిన పిల్లాడు, ఒకతి మీ అత్త చెప్పిన పిల్ల. లెక్కకి ఇద్దరున్నారుగా. రెండోవాళ్ళని ఎక్కడ దాచారో చూసిపోదామని వచ్చా.”

అత్తయ్య లోపల్నుంచే అందుకుంది. “నీ చెవులు నువ్వు కడిగించుకో ముందు. పాలవాడికి నీళ్ళకీ పాలకీ తేడా తెలీదు, బిడ్డల తేడా తెలుస్తుందా?”

పిన్ని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నాకు నవ్వు రాలేదు. ఇద్దరికి రెండు మాటలు చెప్పిన మనిషి మూడోది ఏదో దాస్తోందని నా అనుమానం.

ఐదోరోజు పొద్దున మా ఆయన హేచరీ నుంచి చిన్న తూకం మిషన్ తెచ్చాడు. కోడిపిల్లల్ని తూచేది. బిడ్డని ఒక పళ్ళెంలో గుడ్డపరిచి పడుకోబెట్టి తూచాడు. తలుపు లోపలివైపు పెన్సిలుతో అంకె రాశాడు. రోజూ పనికెళ్ళే ముందు అదే పని.

“ఎందుకు తూచడం?” అని అడిగాను.

“ఊరికే.”

ఊరికే ఏ పనీ చేసే మనిషి కాదు ఆయన. స్నానానికి కూడా కారణం కావాలి. పైగా హేచరీలో ఎందుకు తూస్తారో నాకు తెలియనిదా? బరువు తక్కువైన పిల్లని పక్కకి తీసెయ్యడానికి. తలుపు మీద అంకెలు రెండురోజులు నిలకడగా ఉండి, తొమ్మిదోరోజు తగ్గాయి. మా ఆయన ఆ అంకె కింద గీత గీసి, అలా నిలబడి దానివంకే చూశాడు. తర్వాత టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పెరట్లో తల్లీ కొడుకులు మాట్లాడుకుంటుంటే నేను లోపల గోడకి చెవి ఆనించాను. తప్పే. తప్పని తెలిసే ఆనించాను.

“గుడ్డులోనే ఉంటుందమ్మా ఆ తేడా. పుంజుదేం లేదు, పెట్టదే. మాకు ట్రైనింగులో మొదటిరోజే చెప్పారు” అంటున్నాడు.

“అంటే కోడలిదేనంటావ్.”

“నేనేమీ అనట్లా. ఉన్నమాట చెప్తున్నా.”

“అయితే ఇప్పుడేం చేద్దాం?”

“రెండో వారం దాకా చూడమన్నారు కదా. చూద్దాం.”

ఎవరు చూడమన్నారు? ఏం చూడమన్నారు? హేచరీలో పెద్దమేస్త్రీ అయి ఉంటాడనుకున్నాను. లోపం పెట్టదైతే ఆ పెట్ట గుడ్లు ఇక పెట్టకూడదని పక్కన పెడతారు. ఆ సంగతి కూడా నాకు అక్కడే తెలుసు. కానీ నన్ను పక్కన పెడతారన్న దిగులు ఆ నిమిషంలో నాకు లేదు. నా ఒళ్ళో ఉన్నదాని సంగతే. మూడుసార్లు పట్టించిన పాలు మూడుసార్లూ కక్కేసింది. ఎండకి అలాగే ఉంటుందిలే అంది అత్తయ్య. అంది కానీ, నా కళ్ళలోకి చూసి అనలేదు.

మరునాడు పాత దుప్పటి కోసం అటక మీదికి చెయ్యి పెడితే అట్టపెట్టె తగిలింది. కోడిపిల్లల్ని పంపే పెట్టె, నాలుగువైపులా గాలి రంధ్రాలు. కిందికి దించి చూశాను. లోపల మా ఆయన పాత పంచె నాలుగు మడతలు వేసి పరిచి ఉంది. కొలిచినట్టు ఒక పసిబిడ్డ పట్టేంత.

నేను దాన్ని మళ్ళీ అక్కడే పెట్టేశాను. ఎవరితోనూ ఏమీ అనలేదు. అరిస్తే జాగ్రత్త పడతారని.

పదకొండోరోజు పొద్దున తలుపు మీది అంకె చూసి మా ఆయన అన్నం తినకుండానే వెళ్ళాడు. గంటలో అత్తయ్యకి ఫోను వచ్చింది. “సరే, సరే, నేను సిద్ధం చేస్తా” అని పెట్టేసి నా దగ్గరికొచ్చింది.

“బిడ్డనిలా ఇవ్వు. మేం ఒకచోటికి తీసుకెళ్ళి వస్తాం. నువ్వు పడుకో.”

“ఎక్కడికి?”

“నీకెందుకమ్మా, బాలింతవి. వచ్చాక చెప్తాగా.”

“పాలిచ్చి ఇస్తాను” అన్నాను.

ఆమె అటక దగ్గరికి స్టూలు జరుపుతుంటే నేను బిడ్డని పమిటలో చుట్టుకుని, పెద్దదాని చెయ్యి పట్టుకుని, పెరటి తలుపు తీశాను.

అమ్మ దగ్గరికి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. బస్టాపు రేకు కింద నీడ ఉంది కానీ, ఆ నీడ కూడా పొయ్యి పక్క నీడలా ఉంది. నా ఒళ్ళో బిడ్డ ఏడవడం మానేసింది. ఏడవకపోవడం నాకు మొదట నయమే అనిపించింది, ఎవరి కంటా పడదని. తర్వాత పెదవి తాకి చూస్తే పొడిగా, కాగితంలా ఉంది. రొమ్ము నోట పెడితే పట్టుకోలేదు.

“అమ్మా, బుజ్జి పడుకుందా?” అంది పెద్దది.

“పడుకుంది.”

“కళ్ళు తెరిచి పడుకుందా?”

మొదటి బస్సు నిండుగా వచ్చి ఆగకుండా పోయింది. రెండో బస్సు కోసం చూస్తుంటే హేచరీ వాన్ వచ్చి ఆగింది. పిల్లల్ని ఫారాలకు తీసుకెళ్ళే మూసిన వాన్, లోపల చల్లటి గాలి మిషన్ ఉంటుంది. నడుపుతున్నది మా ఆయనే. పక్కన అత్తయ్య, ఆమె ఒళ్ళో అట్టపెట్టె.

“ఎక్కు” అన్నాడు.

“ఎక్కను.”

“ఎక్కడికి బయల్దేరావు?”

“మా అమ్మ దగ్గరికి.”

“మూడు గంటల దారి. ఈ ఎండలో, ఈ పసిదానితో.”

“ఆ పెట్టె ఎందుకు తెచ్చారు?”

ఆయన పెట్టె వంక చూసి, నా వంక చూశాడు. “ఎందుకేంటి? బిడ్డకి.”

“నాకు తెలుసు.”

“ఏం తెలుసు నీకు?”

బిడ్డని ఇంకా దగ్గరికి అదుముకున్నాను. అనుకున్నది పైకి అంటే నిజమైపోతుందని భయం.

అత్తయ్య కిందికి దిగింది. “తిట్టుకునేదేదో లోపల చల్లగా కూర్చుని తిట్టుకో. దాని నోరు చూడు, ఎండిన చింతపిక్కలా ఉంది. ఆస్పత్రిలో డాక్టరమ్మ కాచుకుని కూర్చుంది అవతల.”

“నాన్నా, ఇది కోడిపిల్లల బండా?” అంటూ పెద్దది నా చెయ్యి విడిపించుకుని, ఎవరూ పిలవకుండానే వెనక తలుపులోంచి ఎక్కి కూర్చుంది.

అది ఎక్కాక నేను మాత్రం బస్టాపులో ఏం చేస్తాను? ఎక్కాను. నమ్మి ఎక్కానని అనుకోకండి. లోపల చల్లగాలి తగలగానే బిడ్డ ఒక్కసారి కళ్ళు ఆర్పింది. పెట్టెలో పడుకోబెట్టమన్నాడు, కుదుపులకి తల కదలకుండా ఉంటుందని. నేను పడుకోబెట్టలేదు. ఆస్పత్రి దాకా రెండు చేతులతో ఎత్తి పట్టుకునే ఉన్నాను.

బిడ్డ ఒంట్లో ఉప్పు లేదట. ఉన్న ఉప్పంతా ఉచ్చలో పోయిందట. చేతుల్లో నరం దొరకక, నెత్తి మీది నరంలో సన్నటి సూది గుచ్చి ఉప్పునీళ్ళు ఎక్కించారు. డాక్టరమ్మ మా ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి కడిగేసింది.

“నేనేం చెప్పాను? రోజూ తూచమన్నాను. పాలు కక్కినా, బరువు తగ్గినా ఆ పూటే రమ్మన్నాను. ఇలాంటి బిడ్డలకి రెండోవారమే గండమని చెప్పానా లేదా?”

“పొద్దున నూట ఇరవై గ్రాములు తగ్గిందండి. వెంటనే వాన్ అడిగాను.”

“ఇంకో పూట ఆగి ఉంటే...” అని, నన్ను చూసి ఆపేసింది.

ఆ వాక్యంలో మిగిలిన సగం నాది. బస్టాపులో కూర్చున్న గంటంపావు నాది. అయితే తొమ్మిదోరోజు తగ్గిన అంకె కింద గీత గీసి పనికి వెళ్ళిపోయినది ఆయనే. ఆ రోజెందుకు కదల్లేదని ఇప్పటికి నాలుగుసార్లు అడిగాను. ఒకసారి షిఫ్టు అన్నాడు, ఒకసారి తూకం తప్పనుకున్నానన్నాడు, రెండుసార్లు ఊరుకున్నాడు.

ఆస్పత్రిలోనే ఉండగా నాలుగు రోజులకి రక్తం రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ ఒక కాగితం బల్ల మీద పరిచింది. చారల చారల చిన్న పుల్లలు, జతలు జతలుగా, పెళ్ళివారింటి గుమ్మం ముందు ఎవరో ఓపిగ్గా చెప్పులు సర్దినట్టున్నాయి.

“ఇవే క్రోమోజోములు. ఒంట్లో ప్రతి కణంలోనూ నలభై ఆరు ఉంటాయి. ఇరవై మూడు అమ్మవి, ఇరవై మూడు నాన్నవి. ఈ చివరి జత చూడండి. మామూలుగా ఆడవాళ్ళకి ఇవి రెండూ ఒకేలా ఉంటాయి, ఎక్స్, ఎక్స్. మగవాళ్ళకి ఒకటి ఎక్స్, ఇంకోటి పొట్టిగా ఉండే వై. తల్లి దగ్గర ఎక్స్ తప్ప ఇవ్వడానికి ఇంకోటి లేదు. తండ్రి ఇచ్చేది ఎక్సో వైయో, ఆడో మగో దాన్నిబట్టే ఉంటుంది.”

మా ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. “గుడ్డుది కదండీ నిర్ణయం?”

“ఎవరు చెప్పారు?”

“మా ట్రైనింగులో. హేచరీలో.”

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి నవ్వింది. ఆస్పత్రికి వచ్చిన ఈ నాలుగు రోజుల్లో మా ముందు ఎవరైనా నవ్వడం అదే మొదలు. “మీ కోళ్ళలో అంతేనయ్యా. పెట్ట దగ్గర రెండు రకాలుంటాయి, పుంజు దగ్గర ఒకే రకం. నువ్వు నేర్చుకున్నది తప్పు కాదు. తెచ్చి ఇంట్లో మనిషికి అంటించావు, అది తప్పు.”

“మరి కోడలిదే, కోడలిదే అని నా చెవిలో జోరీగలా పాడావు కదరా?” అంది అత్తయ్య.

“నేను పాడలేదు. నువ్వడిగితే చెప్పాను.”

“అడిగితే తెలీదనాలి.”

డాక్టరమ్మ వేలు కాగితం మీదే ఉంది. “మీ బిడ్డకి రెండూ ఎక్స్‌లే. కడుపులో ఆరేడు వారాల దాకా పిల్లలందరూ ఒకేలా ఉంటారు. వై ఉంటే, దానిమీది ఒక చిన్న ముక్క వృషణాలు తయారు చెయ్యమని చెబుతుంది. అది లేకపోతే అండాశయాలు వస్తాయి. మీ బిడ్డకి అండాశయాలున్నాయి, గర్భసంచి ఉంది, స్కానింగులో చూశాను. ఆడపిల్ల.”

“మరి పైకి అలా...” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇన్ని రోజుల్లో నేను ఆమెని అడిగిన మొదటి మాట అదే.

“మూత్రపిండాల నెత్తిన రెండు చిన్న గ్రంథులుంటాయి. ఉప్పుని ఒంట్లో నిలబెట్టే హార్మోను అవే తయారు చెయ్యాలి. మీ పాపకి అది చేతకావడం లేదు. దానికి బదులు మగవాళ్ళ హార్మోను ఎక్కువ చేసేస్తున్నాయి. కడుపులో ఉన్నప్పుడే ఆ హార్మోను పడి, పైరూపం మారింది. మొదలుపెట్టేది క్రోమోజోములే, కానీ చివరిదాకా అన్నీ అవే చెయ్యవమ్మా. రోజూ మాత్ర వేస్తే, ఉప్పు ఇస్తే, అందరు పిల్లల్లాగే పెరుగుతుంది. మానకూడదు, అంతే. ఇంకో మాట. ఈ లోపం మీ ఇద్దరిలోనూ చెరో సగం దాక్కుని ఉంది. రెండు సగాలూ కలిస్తేనే బయటపడుతుంది. ఒకరిదని ఇంకెప్పుడూ అనుకోకండి.”

అలాగేనని మా ఆయన తలూపాడు. బయటికొచ్చాక వరండాలో కుళాయి దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

నాకు చెప్పకుండా ఎందుకు దాచారంటే, బాలింత భయపడితే పాలు ఇంకిపోతాయని అత్తయ్య అందట. చెప్పకపోతే భయపడదనుకుంది. ఆ తెలివికి ఏమనాలి?

“అయితే ఆ రోజు, తర్వాత చూద్దాం అన్నారే?” అని అడిగాను ఆయన్ని.

“మరేమనాలి? నాకు తెలీలేదు. తెలీనప్పుడు మేమనేది అదేగా.”

“ఆ మాట అన్నాక అక్కడ ఏం జరుగుతుందో నాకు తెలుసు.”

ఆయన నావంక ఒకలా చూశాడు. అప్పుడర్థమైంది ఆయనకి, అట్టపెట్టెని నేను ఏమనుకున్నానో. కోపగించుకుని ఉంటే బాగుండేది. రెండురోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు మాత్రలు నూరడానికి ఒక చిన్న రోలు కొనుక్కొచ్చి నా పక్కన పెట్టాడు.

ఇంటికొచ్చాం. పాపకి పేరు పెట్టాం. ఎదురింటి పిన్ని మళ్ళీ వచ్చింది. “ఆడపిల్లని తేల్చుకోడానికి నెల పట్టిందేమ్మా మీకు?”

“మీ ఆయన తాగొచ్చాడో లేదో తేల్చుకోడానికి నీకు పదేళ్ళు పట్టలేదూ?” అంది అత్తయ్య. “మాది నయం, నెలలో తేలింది.”

నేనూ నవ్వాను. కానీ మీతో అబద్ధమెందుకు, అనుమానం నన్ను పూర్తిగా వదల్లేదు. ఉప్పునీళ్ళు అత్తయ్య కలిపితే నేను నాలిక మీద చుక్క వేసుకుని చూసి గానీ పాపకి పట్టను. ఆమె చూస్తుంది, చూసి ఊరుకుంటుంది. నీళ్ళు పోసేటప్పుడు ఇప్పుడు తలుపు గడియ పెడుతున్నది నేను. ఒకసారి పట్టిన అనుమానం చీడలా ఎక్కడో ఓ కొమ్మన ఉండిపోతుంది. అది నన్నొక్కదాన్నే తింటే ఇదంతా రాసేదాన్ని కాదు.

ఆరు రోజుల కిందట పాపని చూపించడానికి ఆస్పత్రికి వెళ్ళాను. ఒక్కదాన్నే వెళ్ళాను. రక్తపరీక్ష గది ముందు బెంచీ మీద నా ఈడుదే ఒకామె కూర్చుని ఉంది. ఆకుపచ్చ తువ్వాలులో చుట్టిన పసిబిడ్డ. ఆమె కుడి ముంజేతి మీద సన్నటి నల్లటి కాలిన గీతలు, ఒకదాని పక్కన ఒకటి. ఇస్త్రీపెట్టె అంచు తగిలి పడే గీతలు. నా పాప వంక రెండుసార్లు చూసి, దగ్గరికి జరిగింది.

“మీకు ఏం బిడ్డన్నారు?” అంది మెల్లగా.

ఆ ప్రశ్న ఎవరడిగినా నాకు అనుమానమే. ఎవరో పంపారనుకున్నాను. హేచరీ వాళ్ళో, మా వీధి వాళ్ళో. పాప మీద గుడ్డ ముఖం దాకా లాగేశాను.

“ఆడపిల్ల. జ్వరమొస్తే తెచ్చాను.”

“మాకింకా చెప్పలేదు. పదో రోజు ఇవాళ. పాలు నిలవట్లేదు. ఎండకి అంతేలే, ఇంటికొచ్చెయ్ అంటున్నారు మావాళ్ళు. మీకూ అలాగే ఉండేదా?”

“లేదు” అన్నాను.

లేదు అని అన్నాను. పాలు నిలవకపోతే ఏమవుతుందో ఆ వరండాలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అప్పుడే లోపల్నుంచి నన్ను పిలిచారు. లేచి వెళ్ళిపోయాను. డాక్టరమ్మ పాపని చూస్తున్నంతసేపూ చెబుదామా వద్దా అని నలిగి, చివరికి చెప్పాను. నర్సు పరిగెత్తింది. బెంచీ ఖాళీ. ఆమె రాయించిన ఇంటినెంబరు ఆ వీధిలో లేనే లేదట, ఫోను కలవడం లేదు. ఇలాంటి పరీక్షకి వచ్చేవాళ్ళు చాలామంది తప్పుడు చిరునామా ఇస్తారంది డాక్టరమ్మ. ఎందుకిస్తారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మా ఆయనకి చెప్పాను. రోజూ పని దిగాక సైకిలు మీద ఇస్త్రీ కొట్లన్నీ తిరుగుతున్నాడు. ఇంతవరకూ దొరకలేదు. ఇవాళ్టికి ఆ బిడ్డకి పదహారు రోజులు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ వీధిలో ఇస్త్రీ చేసే ఆమెకి ఈ మధ్య కాన్పు అయిందేమో, ఇంట్లోవాళ్ళు బిడ్డని ఎవరికీ చూపించకుండా మాట దాటేస్తున్నారేమో, ఒకసారి వెళ్ళి చూడండి. ఏదో ఒక బట్ట తీసుకుని వెళ్ళండి, ఇస్త్రీకని. ఏం బిడ్డని మాత్రం అడక్కండి, అడిగితే తలుపు వేసేసుకుంటుంది. పాలు నిలుస్తున్నాయా తల్లీ అని అడగండి. లేదంటే, ఎవరేమన్నా సరే, వాళ్ళిద్దర్నీ ఎండ తగలకుండా ఆస్పత్రికి చేర్చండి. రేపటిదాకా ఆగకండి.